ఇంటికి తాళము – ఊరికి కావలి

మానవుడు గోడ కట్టిననాడే గోడకు కన్నము వేయువాడును పుట్టెను. తలుపు వచ్చిన వెంటనే గొళ్లెము వచ్చెను. గొళ్లెమునకు తోడు గడియ, గడియకు తోడు తాళము, తాళమునకు తోడు వాకిట కుక్క, కుక్కకు తోడు ఊరికొక తలారి. నాటి అటకమీది కుండ నేడు బ్యాంకు లాకరైనది. నాటి దుడ్డుకఱ్ఱ నేడు సి.సి. కెమెరా అయినది. మారనిది ఒక్కటియే. చీకటి పడినంతనే “తలుపు వేసితివా?” అని ఇంటి పెద్ద అడుగు ప్రశ్న.

ఇది చిన్న భయము. ప్రతి రాత్రియు వచ్చును, తెల్లవాఱగనే పోవును. దీనికి పైన మనకొక పెద్ద భయము గలదు. అది ఏండ్లకొకసారి, ఒక్కొక్కప్పుడు తరమునకొకసారి వచ్చును. వచ్చినపుడు గోడనే కాదు, గోడ నిలిచిన నేలను గూడ ఊడ్చుకొని పోవును. వరద, ఉప్పెన, అగ్ని, భూకంపము మొదలగునవి తాళము నెఱుగవు, తలారిని లెక్కచేయవు. మేడను విడిచినను విడుచునుగాని పాకను మాత్రము విడువవు.

ఈ రెండు భయములును వేర్వేఱని తలచుట మనకు పరిపాటి. దొంగ సంగతి పోలీసులది, తుపాను సంగతి కలెక్టరుది అని పంచిపెట్టి మనము నిశ్చింతగా నుందుము. కాని మన తీరప్రాంతపు చరిత్రమును కొంచెము నిదానించి చదివినచో వేఱొక సంగతి బోధపడును. చిన్న భయము తీరనిదే పెద్ద భయమునకు వేసిన మందు పనిచేయదు. దొంగకు వెఱచి ఇల్లు విడువనివాడే ఉప్పెనకు ముందుగా చిక్కుచున్నాడు. కావున ఈ రెండింటిని ఒక్కచోట చేర్చి విచారింపవలసియున్నది.

కన్నమును కావలియు

మన సాహిత్యమున దొంగతనమును శాస్త్రముగా నెఱిగిన దొంగను చూడవలెనన్న శూద్రకుని మృచ్ఛకటికమునకు పోవలెను. అందు శర్విలకుడు చారుదత్తుని ఇంటిగోడ చెంత నిలిచి, ఏ ఆకృతిలో కన్నము వేసిన అందముగా నుండునా యని యోచించును. కొలత త్రాడు మఱచివచ్చినాడు గనుక జందెముతోనే గోడను కొలుచును. ఇది చదివి మనము నవ్వుకొందుము. కాని మఱునాటి చారుదత్తుని దుఃఖము నవ్వు పుట్టించునది కాదు. పోయినది అతని సొమ్ము కాదు. వసంతసేన నమ్మి దాచిన ఇల్లడ. సొమ్ము పోయెనన్న మాటను లోకము నమ్మదనియు, పేదవాడే దానిని మ్రింగెనని చెప్పుకొందురనియు అతడు కుమిలిపోవును. దొంగ యెత్తుకొనిపోవునది నగ మాత్రమే కాదనియు, ఇరుగుపొరుగుల నడుమనున్న నమ్మకమును గూడ మూటగట్టుకొని పోవుననియు ఆ నాటకకర్త యెఱుగును.

ఆ నమ్మకమును నిలుపుటకే పూర్వపు గ్రామములు కావలిని ఏర్పఱచుకొనినవి. దక్షిణదేశమున కావలివాడు ఊరివారియొద్ద ఏటేట కొంత ధాన్యము పుచ్చుకొనుచుండెను. దొంగతనము జరిగినచో దొంగనైన చూపవలెను, సొమ్మునైన తేవలెను, ఈ రెండును చేతకానిచో తానే నష్టము నిచ్చుకొనవలెను. మన కోస్తా గ్రామములలో తలారి రాత్రులు గస్తీ తిరిగెడివాడు. ఊరికి వచ్చిన క్రొత్తవారి నెఱిగియుండెడివాడు. తెలంగాణమునందలి పల్లెలలో నీరడి యనువాడు చెఱువు తూమునకు, కట్టకు కావలి. జడివాన కురిసిన రాత్రి ఊరు నిద్రించుచుండగా కట్టమీద మేలుకొనియుండవలసినవాడు అతడు. మనుష్యునివలన కలుగు ముప్పునకు ఒకనిని, నీటివలన కలుగు ముప్పునకు ఒకనిని ఊరు తన పంటలో పాలిచ్చి నిలుపుకొనినదన్నమాట.

ఈ ఏర్పాటును మెచ్చుకొనునపుడు దాని మచ్చలను మఱువరాదు. వెట్టివాని చాకిరి పేరునకు తగినట్లు వెట్టిచాకిరియే యయ్యెను. కావలి బరువు పేదలపై పడెను. కావలి ఫలము సొమ్ముగలవారికి దక్కెను. పిమ్మట ఆంగ్లప్రభుత్వము మద్రాసు రాజధానిలో 1816వ సంవత్సరపు 11వ రెగ్యులేషనుచే గ్రామాధికారికి పోలీసు బాధ్యత నొప్పగించెను. 1859లో పోలీసు చట్టము చేసి జీతగాండ్రను నియమించెను. 1871లో మఱియొక చట్టము పుట్టెను. దానివలన కొన్ని కులములకు కులములే నేరస్థజాతులని ముద్రవేయబడెను. తల్లిగర్భమున నున్న శిశువునకు గూడ దొంగ యను పేరు సిద్ధమై యుండెను. బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురము 1913లో అట్టి ముద్రపడిన ఎఱుకలవారి కొఱకు నెలకొల్పిన సెటిల్మెంటే. ఆ చట్టము 1952లో రద్దయినను, ఆ ముద్ర జనుల నోళ్లలో చాలకాలము నిలిచెను. పొరుగువానిని పుట్టుకచే దొంగనుగా నెంచు ఊరు, తన కావలిలో సగము తానే చెఱుపుకొన్నట్లు. ఆపద వచ్చిననాడు ఆ పొరుగువానితోడనే ఒకే కప్పుక్రింద తలదాచుకొనవలసి యుండును గదా!

కౌటిల్యుడు కూర్చిన రెండు పాఠములు

దొంగను, విపత్తును ఒక్కచోట విచారించుట మనకు క్రొత్తగా తోచవచ్చునుగాని కౌటిల్యునికి క్రొత్త కాదు. మైసూరులో శామశాస్త్రిగారు వెలికిదెచ్చి 1909లో ముద్రింపించిన అర్థశాస్త్రమున నాల్గవ అధికరణమునకు కంటకశోధనమని పేరు. ప్రజల దారిలోని ముండ్లను ఏఱివేయుట యని దాని భావము. తూకములలో మోసగించు వర్తకులు, పని చెఱుపు శిల్పులు, రహస్యముగా నేరములు చేయువారు, దొంగలు అందు ప్రస్తావింపబడుదురు. వారి నడుమనే ఒక అధ్యాయము దైవికములైన మహాభయములకు కేటాయింపబడినది. అగ్ని, జలము, వ్యాధి, దుర్భిక్షము, ఎలుకలు, క్రూరమృగములు, సర్పములు, రక్షస్సులు అని అవి యెనిమిది. రక్షస్సుల మాట నేటివారు విడిచిపెట్టవచ్చును. ఎలుకలను మాత్రము విడువరాదు. పంటగాదెను ఖాళీచేయుటలో అవి ఏ దొంగకును తీసిపోవు.

ఆ అధ్యాయమునందలి విధులు మిక్కిలి తేటయైనవి. వేసవిలో గ్రామవాసులు వంట ఇంటి వెలుపల చేసికొనవలెను. వర్షకాలపు రాత్రులయందు ఏటి యొడ్డుననున్న ఊళ్లవారు ఒడ్డు విడిచి దూరముగా వసింపవలెను. కొయ్యపలకలు, వెదుళ్లు, పడవలు సిద్ధముగా నుంచుకొనవలెను. వరదలో కొట్టుకొనిపోవువానిని చూచియు సాయపడనివానికి 12 పణములు అపరాధము. తేలుటకు సాధనమేదియు లేనివానికి మాత్రము మినహాయింపు. నగరమునందు ఇల్లు అంటుకొనినపుడు ఆర్పుటకు పరుగెత్తిరాని గృహస్థునకు 12 పణములు, అద్దెకున్నవానికి 6 పణములు. దొంగిలింపబడిన సొమ్మును తిరిగి తెప్పింపలేకపోయినచో రాజు తన సొంత ధనమునుండి ఇచ్చుకొనవలెనని ఆ గ్రంథముననే వేఱొకచోట గలదు.

ఈ విధుల వెనుకనున్న తత్త్వము గమనింపదగినది. సొమ్మునకు రాజు పూచీపడుచున్నాడు. ప్రాణములకు ఇరుగుపొరుగు పూచీపడుచున్నది. నీ ఇంటికి నీవు తాళము వేసికొనుట నీ యిష్టము. పొరుగింటి మంట నార్పుటకు పరుగెత్తుట మాత్రము నీ యిష్టము కాదు, విధి. పరుగెత్తిరాని వానికి అపరాధము వేయుటచే శాస్త్రకర్త రక్షణను వ్యక్తిధర్మము నుండి సంఘధర్మమునకు మార్చినాడు.

తాళము నెఱుగని దొంగ

నదివలన కలుగు ముప్పును కొంతవఱకు కట్టడిచేయవచ్చును. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి హైదరాబాదు నగరమున సుమారు 15,000 మందిని పొట్టనబెట్టుకొనెను. అటుపిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా నడిగెను. ఊరికి ఎగువన జలాశయములు కట్టి వరదను అక్కడనే పట్టియుంచవలెనని ఆయన తేల్చెను. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తి యయ్యెను. ఇవి నదికి వేసిన తాళములు.

సముద్రమునకు అట్టి తాళము లేదు. గోదావరీముఖమున నున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టుటలో పేరుగన్న రేవు. 1789లోను 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని దెబ్బమీద దెబ్బ తీసినవి. అట్టి గాలివానల తీరును పరిశీలించిన కలకత్తావాసి హెన్రీ పిడింగ్టను 1848లో నావికుల కొఱకు వ్రాసిన గ్రంథమున వానికి సైక్లోన్ అని పేరుపెట్టెను. గ్రీకుభాషలో చుట్టచుట్టుకొనిన పామును స్ఫురింపజేయు మాట నుండి దానిని గ్రహించెను. నేడు ప్రపంచమంతట వాడబడుచున్న ఆ మాట మన బంగాళాఖాతపు గాలివానలను చూచి పుట్టినదే.

1864వ సంవత్సరము ఈ తీరమునకు కాలరాత్రుల సంవత్సరము. అక్టోబరు 5న కలకత్తా, నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నము ఉప్పెన వాతబడినవి. మచిలీపట్నపు ప్రాంతమున ఆ యొక్క రాత్రి సుమారు 30,000 మంది మరణించిరి. ఇట్టి నష్టముల పిమ్మటను, దాపుననే వచ్చిన కఱవుల పిమ్మటను 1875లో భారత వాతావరణశాఖ యేర్పడెను. రేవులలో ఎగురవేయు ప్రమాదసూచికలు నాటినుండి క్రమముగా వాడుకలోనికి వచ్చినవి. “రేవులో పదవ నంబరు ఎగురవేసినారు” అను మాట వినిన తీరవాసి గుండె నేటికిని ఝల్లుమనును.

విద్యార్థులు ఒక విషయమును తప్పక తెలిసికొనవలెను. తుపానులో ఎక్కువ ప్రాణములు తీయునది గాలి కాదు, నీరు. మన అర్ధగోళమున తుపాను గాలులు గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు ఎదురుదిక్కున సుడితిరుగును. అందుచే తుపాను నడచు దారికి కుడివైపున గాలి సముద్రమును నేలమీదికి నెట్టును; ఎడమవైపున నేలమీదినుండి సముద్రమువైపునకు వీచును. తీరము చెంత సముద్రము లోతు తక్కువైనకొలది ఆ నీరు పైకి లేచును. కృష్ణా గోదావరుల డెల్టాలు పల్లపునేలలు. ఒకసారి లేచిన నీటికి అడ్డు లేదు.

1977 నవంబరు 19వ తేదీన జరిగినది ఇదియే. తుపాను కేంద్రము చీరాల ప్రాంతమున తీరము దాటెను. దాని కుడిప్రక్కన, కృష్ణానది పాయలకును సముద్రమునకును నడుమ దీవివలె నున్న దివిసీమ పడియున్నది. సుమారు 5 మీటర్ల యెత్తున లేచిన ఉప్పెన మైళ్లకొలది లోనికి చొచ్చుకొనివచ్చెను. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ పరిసరములలోని పల్లెలు పల్లెలే తుడిచిపెట్టుకొనిపోయినవి. ప్రభుత్వపు లెక్క ప్రకారమే మృతులు సుమారు 10,000 మంది. జనుల లెక్క అంతకంటె ఎక్కువ. పశువుల మాట చెప్పనక్కఱలేదు. నాటి ఇండ్లకు తాళములు లేకపోలేదు. ఊళ్లకు తలారులు లేకపోలేదు. వాతావరణశాఖవారి హెచ్చరికలును వెలువడకపోలేదు. లేనిది హెచ్చరికకును కాలు కదపుటకును నడుమ నుండవలసిన వంతెన.

ఇల్లు విడువనివారు

ఆ వంతెన యేల లేకపోయెను? జనులకు తెలియదు, మూర్ఖులు, మొండివారు అని పట్టణవాసులు సులభముగా తీర్పు చెప్పుదురు. ఈ తీర్పు న్యాయమైనది కాదు.

పాక యొకటి, గేదె యొకటి, బియ్యపుకుండ, నాలుగు ఇత్తడి పాత్రలు, వల యొకటి, తాకట్టునుండి నిన్ననే విడిపించుకొనిన కాసు బంగారము గల ఒక మత్స్యకారుని కుటుంబమును ఊహించుకొనుడు. “సాయంకాలము లోపల ఊరు విడిచి పొండు” అని టముకు వేసినారు. ఉప్పెన వచ్చునో రాదో వానికి నిశ్చయము లేదు. వెనుక రెండుమార్లు ఇట్లే చెప్పిరి, ఏమియు రాలేదు. కాని తడికె తలుపు గల ఇల్లు విడిచిపోయినచో వస్తువులు పోవుననుట మాత్రము వానికి నిశ్చయము. నిశ్చయముగా తెలిసిన చిన్న నష్టమును, నిశ్చయముగా తెలియని పెద్ద నష్టమును ఆ మనిషి తన బుద్ధితో తూచుచున్నాడు. తూచి, “మీరు పొండు, నేను ఇంటికి కావలిగా ఉందును” అని ఆలుబిడ్డలను పంపుచున్నాడు. ఒక్కొక్కచోట భర్త వేటకు పోయియుండగా భార్యయే పిల్లలతో నిలిచిపోవుచున్నది.

ఇది ఊహమాత్రము కాదు. మన పొరుగుననున్న బంగ్లాదేశమున 1991 ఏప్రిల్ 29వ తేదీని వచ్చిన తుపానులో సుమారు 1,38,000 మంది మరణించిరి. బ్రతికినవారిని పరిశోధకులు ప్రశ్నించినపుడు, హెచ్చరిక విని గూడ కదలకుండుటకు రెండు కారణములు ముఖ్యముగా బయటపడినవి. మొదటిది హెచ్చరికపై అపనమ్మకము. రెండవది ఇంటిలో దొంగలు పడుదురను భయము. ఎదుట సముద్రము నిలువున లేచుచుండగా మనిషి వెనుకకు తిరిగి దొంగకొఱకు చూచుచున్నాడు!

ఆ భయము పేదవానికి మాత్రమే యున్నదనుకొనరాదు. ఉన్నవాని సొమ్ము బ్యాంకులోనుండును. ఇల్లు మునిగినను ఖాతా మునుగదు. లేనివాని సర్వస్వము ఇంటిలోనే యుండును. అందుచే ఇంటిని విడుచుట ఉన్నవానికి ప్రయాణము, లేనివానికి పణము. హెచ్చరించు అధికారి ఈ తేడాను గుర్తింపనంతవఱకు టముకు శబ్దము చెవికి చేరునుగాని కాలికి చేరదు.

బంగ్లాదేశమువారు ఈ పాఠమును మెల్లగా నేర్చుకొనిరి. 1970 నవంబరులో లక్షలమందిని బలిగొన్న తుపాను పిమ్మట, 1972లో రెడ్ క్రాసువారి తోడ్పాటుతో ఊరూర స్వచ్ఛందసేవకుల దళము నేర్పఱచిరి. హెచ్చరికను చెప్పువాడు ఎక్కడివాడో కాదు, పొరుగింటివాడే. పశువును విడిచిరాని రైతుకొఱకు మట్టితో ఎత్తైన దిబ్బలు వేసి, వానికి కిల్లాలని పేరిడిరి. గేదె కిల్లామీద నున్నదన్న ధైర్యముతో గేదెకాపరి షెల్టరులోనికి పోవును. మనుష్యుని రక్షింపవలెనన్న ముందు అతడు విడువలేని దానిని రక్షింపవలెను.

దోపిడి భయమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున 1963లో విపత్తుల పరిశోధనకేంద్రము నొకదానిని నెలకొల్పిరి. ఆ పరిశోధకులు అనేక విపత్తులను చూచి తేల్చిన దేమనగా, ఆపత్సమయమున దోపిడి జరుగునని జనులు భయపడినంతగా అది జరుగదు. జనులు ఊహింపనంతగా పరస్పరసహాయము జరుగును. దొంగతనము బొత్తిగా జరుగదని దీని యర్థము కాదు. భయము నిజముకంటె పెద్దదని యర్థము. కాని భయమును ఉపన్యాసముతో పోగొట్టజాలము, ఏర్పాటుతోనే పోగొట్టగలము.

లెక్క మారిన విధము

దివిసీమ యనుభవము వృథా పోలేదు. తీరమువెంబడి కాంక్రీటు స్తంభములపై తుపాను షెల్టర్లు లేచినవి. సరుగుడు తోటలు వరుసలుగా నాటబడినవి. 1990 మే 9వ తేదీన 1977 నాటి దానికి తీసిపోని తుపాను కృష్ణాముఖము చెంతనే తీరము దాటెను. ఈమారు సుమారు ఆరున్నర లక్షలమందిని ముందుగా ఎత్తుప్రదేశములకు తరలించిరి. మృతులు వేయిమందికి లోపు. అదియు చిన్న సంఖ్య కాదు. అయినను పదివేలకును వేయికిని నడుమనున్న అంతరము నడచివచ్చిన కాళ్ల లెక్క.

అటుపిమ్మట రెండు దెబ్బలు తగిలినవి. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపాను కొబ్బరితోటలను కూలద్రోసి, వేటకు పోయిన మత్స్యకారులతో సహా వేయిమందికి పైగా జనులను బలిగొనెను. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరమును తాకిన మహాతుపానులో సుమారు 10,000 మంది గతించిరి. రెడ్ క్రాసు వారు కట్టియుంచిన కొలదిపాటి షెల్టరులలో చేరిన వేలమంది మాత్రము బ్రతికి బయటపడిరి. ఒడిశా ప్రభుత్వము ఆ సంవత్సరముననే విపత్తులకై ప్రత్యేకసంస్థ నేర్పఱచినది. 2005లో దేశమంతటికిని విపత్తు నిర్వహణ చట్టము వచ్చినది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను అదే ఒడిశాలో గోపాలపురము చెంత తీరము దాటినపుడు, ఒడిశా ఆంధ్రములలో కలిపి పదిలక్షలకు పైగా జనులు ముందే ఇండ్లు విడిచిరి. ఒడిశాలో మృతులు ఏబదికి లోపు.

గాలి మెత్తబడలేదు. సముద్రము దయతలచలేదు. ఉపగ్రహములు, రాడారులు వచ్చి హెచ్చరిక ముందుగా అందుట ఒక కారణము. షెల్టర్లు, రోడ్లు పెరుగుట మఱియొక కారణము. ఈ రెండింటికిని మించి, “పోయి వచ్చువఱకు నా ఇల్లు ఉండును” అను నమ్మకము కొంతైనను జనులకు చిక్కుట మూడవ కారణము. ఊరినుండి ఒకరిద్దరు కాక వాడయంతయు ఒక్కసారి కదలినపుడు, వెనుక పోలీసు గస్తీ యున్నపుడు, తిరిగివచ్చిన పిమ్మట బియ్యమో రూకలో అందునని తెలిసినపుడు మనిషి తాళము వేసి వెనుదిరిగి చూడక నడువగలడు.

క్రొత్త కన్నము

నేటి దొంగ శర్విలకునివలె గోడను కొలువనక్కఱలేదు. ఫోనులో పలుకరించిన చాలును. బ్యాంకునుండి మాటలాడుచున్నామని చెప్పి రహస్యసంఖ్య నడుగును. పోలీసు దుస్తులు ధరించి తెఱపై కనబడి “నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి, ఎవరితోను చెప్పకుము, గది విడిచి కదలకుము” అని బెదరించును. మన చట్టములలో అట్టి అరెస్టు లేనే లేదు. చదువుకొనినవారును, ఉద్యోగములు చేసి విశ్రాంతి పొందినవారును ఈ వలలో పడుచున్నారు.

ఈ దొంగ పన్నాగమునందలి కీలకమును గమనింపుడు. “ఎవరితోను చెప్పకుము” అనుటయే వాని కన్నపుకత్తి. మనిషిని ఒంటరిని చేసినంతనే గోడ పడిపోయినట్లే. ప్రక్కింటివానిని పిలిచినను, కుమారునకు ఫోను చేసినను, 1930 అను సంఖ్యకు ఫిర్యాదు చేసినను వాని పని చెడును. ఉప్పెనవేళ ఒంటరిగా ఇంటికి కావలియున్నవాడెట్లు నష్టపోవునో, ఫోనుముందు ఒంటరిగా గదిలో కూర్చున్నవాడును అట్లే నష్టపోవుచున్నాడు. చిన్న ముప్పునకును పెద్ద ముప్పునకును మందు ఒక్కటియే: నలుగురిలో నుండుట, నలుగురికి చెప్పుట.

పాఠశాల తాళముచెవి

ఈ వ్యాసమును చదువువారిలో పెక్కుమంది ఉపాధ్యాయులు, విద్యార్థులు. తుపాను వచ్చినపుడు తీరమున ముందుగా తెఱవబడు భవనము పాఠశాలయే. చాలచోట్ల పాఠశాలయే షెల్టరు, షెల్టరే పాఠశాల. కావున ఈ విషయమున ఉపాధ్యాయుడు ప్రేక్షకుడు కాడు, ద్వారపాలకుడు.

తుపానుల కాలమునకు ముందే, అనగా ఏప్రిల్ నెలలో నొకసారి సెప్టెంబరులో నొకసారి, ప్రతి పాఠశాలయందును కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. భవనపు తాళముచెవి ఎవరియొద్ద నున్నది? ఆయన ఊరిలో లేనినాడు రెండవ చెవి ఎవరియొద్ద నుండును? షెల్టరు గదులు ఎరువుల బస్తాలతోను, విఱిగిన బల్లలతోను నిండియుండలేదు గదా? ఉప్పుగాలికి తలుపుల మడతబందులు త్రుప్పుపట్టి బిగిసిపోలేదు గదా? త్రాగునీటికి పాత్ర యున్నదా? స్త్రీలకు మఱుగుదొడ్డి యున్నదా? ఇవి గొప్ప ప్రశ్నలు కావు. కాని పదవ నంబరు ఎగురవేసిన రాత్రి వీనికంటె గొప్ప ప్రశ్నలు లేవు.

విద్యార్థులకును పని గలదు. ఊరిపటము గీయుమన్నచో వారు గుడి, బడి, చెఱువు గీయుదురు. దానిలో మఱికొన్ని గుర్తులు చేర్పవచ్చును. నడువలేని ముదుసలి యే ఇంట నున్నది, నెలలు నిండిన గర్భిణి యే ఇంట నున్నది, చూపులేనివాడు ఏ వీధిలో నున్నాడు, వీరిని ఎవరు పిలుచుకొనిరావలెను అని వ్రాసియుంచవచ్చును. ఇంటికి పోయి పట్టాదారు పుస్తకమును, రేషను కార్డును, బ్యాంకు పుస్తకమును, అన్నయ్య పరీక్ష సర్టిఫికెట్లను ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి దూలమునకు వ్రేలాడదీయుమని చెప్పవచ్చును. వెళ్లుమన్నపుడు ఆ సంచిని చంకబెట్టుకొని కదలిన చాలును. ఈ చిన్న పని వలన ఇంటిలో ఒకరు కావలియుండవలసిన యక్కఱ సగము తీరును.

మిగిలిన సగమును ఊరు తీర్పవలెను. వాడకు ఇద్దఱు చొప్పున యువకుల పేరులు ముందుగా నిర్ణయించి, నీరు రాని మెఱకచోట పోలీసులతో కలిసి వారిని దారికి కాపు పెట్టవలెను. ఏ యిల్లు ఎవరు తాళము వేసిరో వ్రాసికొనవలెను. పశువులను తోలవలసిన దిబ్బ ఏదో ముందే చెప్పవలెను. సంక్రాంతికి ఊరికి పోవుచు “మా ఇల్లు కొంచెము చూచుచుండుడు” అని పొరుగింటివారికి చెప్పుట మనకు అలవాటే గదా! పోలీసులును సెలవులకు ముందు, ఊరికి పోవునపుడు ఠాణాకు తెలిపిపొమ్మని చెప్పుచునే యున్నారు. ఆ యలవాటునే ఆపదకాలమునకు పెంచుకొనవలెను.

దొంగలు పడిన ఆఱునెలలకు కుక్కలు మొఱిగినవని మన సామెత. ఉప్పెన వచ్చిపోయిన పిమ్మట సభలు చేయుటయు, స్మారకస్తంభములు నిలుపుటయు అట్టి మొఱుగుడు కాకుండవలెనన్నచో పని ఉప్పెనకు ముందు జరుగవలెను. రేపు బడికి పోయినంతనే, ఆ భవనపు రెండవ తాళముచెవి ఎవరియొద్ద నున్నదో ప్రతి ఉపాధ్యాయుడును ఒకమారు విచారించిన చాలును. ఆ పని మొదలైనట్లే.